రెండు రాష్ట్రాల మధ్య నా రివాల్వరు

ఎలక్షన్లకు వారం ముందు, మిట్టమధ్యాహ్నం, నడిరోడ్డు మీద, సొంత తోట మామిడిపండ్ల ఎదుట నేను ఎంత ఘనంగా మునిగిపోయానో చెప్పబోతున్నాను. నా మీద కాస్తో కూస్తో గౌరవం మిగిలినవాళ్లు ఇక్కడే ఆగిపోతే ఇద్దరికీ క్షేమం. ఆగరా? సరే, మీ ఇష్టం.

మాది రెడ్డిగూడెం. అయితే ఇరవై ఏళ్లు ఖమ్మం వైపు పెట్రోలు బంకు నడిపాను. బంకు సొమ్ము బ్యాంకుకు చేర్చాలి కాబట్టి అక్కడి అధికారులు నాకో రివాల్వరుకు లైసెన్సు ఇచ్చారు. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా పేల్చిన పాపాన పోలేదు. కానీ చొక్కా కింద నడుముకు అది తగిలితే చాలు, నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది. నా నడక చూసి ఊరేగింపులో ఏనుగు కూడా పక్కకు తప్పుకునేదని నా నమ్మకం. మా ఆవిడ సుభాషిణి మాత్రం "నడుం పట్టేసిందేమో, డాక్టరుకు చూపిద్దాం" అనేది.

తరవాత బంకు అమ్మేసి, మామిడితోట చూసుకుందామని సొంత ఊరు వచ్చేశాం. మంచాలు, బీరువా, గ్రైండరు, రివాల్వరు అన్నీ ఒకే లారీలో రాష్ట్రం దాటాయి. సుభాషిణి నెల తిరక్కుండా గ్యాసు, ఆధారు, బ్యాంకు అన్నింట్లోనూ చిరునామా మార్పించింది. ఆ వేడిలోనే నా మీద పడింది.

"ఏమండీ, ఆ తుపాకీ లైసెన్సులో ఏముందో ఎప్పుడైనా చదివారా?"

"చదవడానికేముంది? నా ఫొటో ఉంది."

"ఆ ఫొటో పక్కన అక్షరాలు కూడా ఉన్నాయి. ఇది ఆ రాష్ట్రంలోనే చెల్లుతుందంట. ఇల్లు మారితే కొత్త చోట అధికారులకి లైసెన్సూ తుపాకీ చూపించి రాయించుకోవాలంట."

"అరవై కిలోమీటర్లే కదే! అక్కడా అదే ఎండ, ఇక్కడా అదే ఎండ. ఏ రాష్ట్రంలో ఉందో దానికేం తెలుస్తుంది?"

"దానికి తెలీదు, పోలీసులకి తెలుస్తుంది. లోపలేస్తే నేను మాత్రం క్యారేజీ మొయ్యను. ముందే చెప్తున్నా."

ఆవిడ చెప్పింది నిజమే. కానీ నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది, అనుమానం. స్టేషన్లో చెబితే పక్కనున్న టీకొట్టుకి తెలుస్తుంది. టీకొట్టుకి తెలిస్తే నాలుగు మండలాలకి తెలుస్తుంది. ఐదో మండలంలో దొంగలుంటారు. వాళ్లు నా తుపాకీ కోసం వస్తారు. వాళ్ల బారి నుంచి ఆ తుపాకీని కాపాడుకోవడానికి నాకు ఇంకో తుపాకీ కావాలి. దానికి మళ్లీ లైసెన్సు! ఇంత దూరం ఆలోచించినవాడు గడప దాటుతాడా? దాటలేదు.

పధ్నాలుగు నెలలు దాన్ని ఇంట్లోనే దాచాను. సోమవారం బియ్యం డబ్బాలో, మంగళవారం అటక మీద, బుధవారం ఎక్కడ పెట్టానో గుర్తురాక గురువారమంతా వెతుకులాట. ఇంట్లో ఉంటే భయమని కొన్నాళ్లు లుంగీలో దోపుకునే తిరిగాను. తోటలో పనిచేసే నాగయ్య నన్ను వింతగా చూడటం మొదలుపెట్టాడు. పట్టేశాడనుకున్నాను.

"ఏంటి నాగయ్యా, అస్తమానం నా నడుం వంక చూస్తున్నావ్? ఎవరు చూడమన్నారు?"

"ఎవరూ చూడమన్లేదండీ. లుంగీ జారిపోతోంది. ఆడోళ్లు కాయ ఏరుతున్నారు, కాస్త చూసుకోండి."

ఇలా గుట్టుగా సాగుతున్న కాపురంలోకి ఎలక్షన్లు వచ్చాయి. ఎలక్షన్లొస్తే లైసెన్సున్న ప్రతివాడూ తుపాకీ తీసుకెళ్లి స్టేషన్లో అప్పజెప్పాలి. రసాలు మంచి కోతమీదున్న రోజున పాత ఊరి హెడ్ కానిస్టేబుల్ ఫోను చేశాడు.

"కోటేశ్వరరావు గారూ! అందరూ ఇచ్చేశారు, మీ ఒక్కరి తుపాకే రాలేదు. రేపు సాయంత్రంలోపు తేకపోతే లైసెన్సు రద్దు చెయ్యమని రాసేస్తాను. ఎక్కడున్నారసలు?"

"ఊళ్లోనే ఉన్నానండీ."

"ఏ ఊళ్లో?"

"మా ఊళ్లో."

"అదే, ఏ ఊరండీ?"

"హలో... హలో... వినపడట్లేదండీ" అని పెట్టేశాను. సిగ్నలు అద్దంలా ఉంది.

నా ఇరకాటం చూశారా? అక్కడ ఇవ్వకపోతే లైసెన్సు పోతుంది. ఇవ్వాలంటే ఈ లైసెన్సు చెల్లని నేల మీదుగా, టిఫిను బాక్సులు కూడా విప్పి చూసే ఎలక్షన్ చెక్‌పోస్టు దాటించాలి. దొరికితే నేనే పోతాను.

"ఇక్కడి స్టేషన్‌కే వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇచ్చెయ్యండి" అంది సుభాషిణి.

"ఆ మాట నీకెవరు నేర్పారు?" అన్నాను కళ్లు చిన్నవి చేసి.

ఆవిడ జవాబు అచ్చు వేయదగినది కాదు.

మర్నాడు మూడు అట్టపెట్టెల నిండా రసాలు సర్దాను. ఒకదాంట్లో అడుగున వరిగడ్డి, గడ్డిలో రివాల్వరు, దానిమీద మూడు వరసల పండ్లు. తిన్నగా పోయే రోడ్డు మీద నాకు అనుమానం కాబట్టి చింతలపూడి మీదుగా చుట్టు తిరిగి కారు పోనిచ్చాను. వెనకాల ఒక మోటారు సైకిలు అరగంట వదల్లేదు. నేను ఆగితే అదీ ఆగింది. చివరికి అతను పక్కకొచ్చి "డిక్కీ మూత సరిగ్గా పడలేదండీ" అని చెప్పి వెళ్లాడు. నా చొక్కా పిండితే బిందె నిండేది.

చెక్‌పోస్టులో ఒక ఎస్సై అమ్మాయి కారు ఆపింది. డిక్కీ తెరవగానే మొహం విప్పారింది.

"అబ్బ, రసాలే! ఏ ఊరండీ?"

"రెడ్డిగూడెమండీ."

"పొద్దున్నుంచీ ఎండలో మాడిపోతున్నాం. డబ్బులిస్తాం, ఓ డజను ఇస్తారా?"

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇంకే రోజైనా అయితే, అడిగిన మనిషి ఒళ్లో పెట్టె మొత్తం కుమ్మరించి, "తిని చెప్పండి, జన్మలో తిన్నారా ఇలాంటిది?" అని ముప్పావుగంట వాయించి వదిలేవాణ్ని. మా వైపు తోట ఉన్నవాడు దారినపోయే బస్సునాపి మరీ కాయ తినిపిస్తాడు. కానీ ఆ రోజు నాకు పండు కనబడలేదు. గడ్డిలోకి దిగబోయే చెయ్యే కనబడింది.

"ఇవి అమ్మేవి కాదండీ."

"పోనీ, రుచికి ఒక్కటి?"

"పుల్లగా ఉంటాయండీ."

ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగింది. "రసాలా?"

"కటిక పులుపండీ. పైగా పురుగు. నోట్లో పెడితే పళ్లు ఊడి చేతిలోకొస్తాయి."

"ఎవరి తోటవి?"

"మాదేనండీ."

ఆవిడ నల్లకళ్లద్దాలు తీసింది. "మాదీ ఆ వైపే, నూజివీడండీ. మా నాన్న పీక మీద కత్తి పెట్టినా తన కాయ పులుపనడు, పక్క తోట కాయనంటాడు. సొంత కాయని ఇంతలేసి మాటలంటున్నారంటే ఆ పెట్టెల్లో కాయ కానిదేదో ఉంది. దించండయ్యా!"

దించారు. మూడో పెట్టెలో, రసం కారుతూ, నా పరువు బయటపడింది.

"ఇదేనా పురుగు?" అంది ఎస్సై.

స్టేషన్లో రైటరు పంచనామా రాసి చదివి వినిపించాడు. "రివాల్వరు ఒకటి, తూటాలు ఆరు, పొరుగు రాష్ట్రపు లైసెన్సు ఒకటి. రెడ్డిగూడెం కోటేశ్వరరావు తోటలో కాసిన రసాలు మూడు పెట్టెలు. పుల్లనివి."

అప్పటిదాకా బెంచీ మీద గేదెలా చతికిలబడ్డ నేను లేచి నిలబడ్డాను. "ఆ చివరి మాటేంటండీ?"

"మీరు చెప్పిందే."

ఎస్సై మెల్లగా అంది, "బాగా ఆలోచించుకోండి. కాయ పుల్లనిదైతే, మీరు వద్దనడం మా మీద దయతోనే. అప్పజెప్పడానికి తీసుకెళ్తూ సామాన్లో పెట్టుకున్నారు, ఇల్లు మారినట్టు చెప్పలేదు, అది నిర్లక్ష్యం. లైసెన్సు మిగిలినా మిగలొచ్చు. కాయ తియ్యనిదైతే మాత్రం తుపాకీ దాచడానికే అబద్ధమాడారు. ఏది రాయమంటారు?"

కబురు చెప్పడానికి ఇంటికి కలిపిన ఫోను స్పీకర్లోంచి సుభాషిణి గొంతు. "పుల్లనివేనని అనండి మహానుభావా! ఒక్క మాటే కదా!"

ఒక్క మాటే. కానీ సర్కారు కాగితం మీద, సర్కారు ముద్రతో, మా తాత నాటిన చెట్ల కాయ పులుపని! రేపు కోర్టులో బంట్రోతు దాన్ని గట్టిగా చదువుతాడు. నేను మళ్లీ ఏ మొహం పెట్టుకుని మార్కెట్టుకు పోను?

"కొట్టెయ్యండి! తియ్యనివని రాయండి. టెంక చిన్నదని రాయండి, పీచు తక్కువని రాయండి. చోటుంటే తేనెలాంటివని కూడా రాయండి!"

సుభాషిణి ఫోను పెట్టేసిన చప్పుడు.

ఎస్సై ఒక పండు తీసి, ముచ్చిక కొరికి, జుర్రి, కళ్లు మూసుకుంది. "రాసుకో రైటరూ. ముద్దాయి నిజమే చెప్తున్నాడు."

రివాల్వరు స్టేషన్ పాలు, లైసెన్సు రద్దు, నేను కోర్టు మెట్ల పాలు. కాబట్టి పాఠకులారా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని శపథం చేస్తున్నాను. ఇకమీదట రాష్ట్రం మారినా, వీధి మారినా, ఆఖరికి మా ఇంట్లో మంచం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరిపినా, ముందు స్టేషన్‌కి వెళ్లి రాయించుకుంటాను. మా కాయ పులుపన్న మాట మాత్రం ఎన్ని తుపాకులు గురిపెట్టినా అనను.