ఏటి గడ్డ మీద పేరంటం

పొదుపు నాకు ఎవరూ నేర్పలేదు, పుట్టుకతోనే వచ్చింది. అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు పొయ్యి వెలిగించిన మనిషిని. అలాంటి నేను ఒక చలికాలం నా పొదుపుతోనే ఇరవై ఆరు గొర్రెలను, ఒక గుర్రాన్ని, ముప్ఫై ఏళ్ళుగా దాచుకున్న ఒక చీరను, కాస్తో కూస్తో ఉన్న నా పరువును కలిపి కృష్ణలో ముంచబోయాను. ఎలాగో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. మా మరదలు ఈరమ్మ పదేళ్ళుగా నవ్వుతూనే ఉంది, ఆమెకు తోడు దొరికినట్టుంటుంది.

నేను చదివింది నాలుగో తరగతి. అందులోనూ సగం రోజులు గొర్రెల వెనకే ఉన్నాను. పెళ్ళయ్యాక రాయచూరు చేరి గొర్రెలను మరిచాను. అవీ నన్ను మరిచాయి. పదేళ్ళ కిందట మా తమ్ముడు నర్సప్ప మేతకు మండలు కొడుతూ తుమ్మచెట్టు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు మళ్ళీ కలిశాం.

ఏటి ఒడ్డున జొన్న, శనగ ఎదిగి ఉండే రోజుల్లో మావాళ్ళు గొర్రెలను ఒడ్డు మీద ఉంచరు. ఒక్క నోరు చేలో పడితే ఊరంతా గొడవ. అందుకని వరద తీశాక పుట్టిలో, అదే గుండ్రటి బుట్ట పడవలో, నాలుగేసి చొప్పున ఎక్కించి, దేవసూగూరుకు కిందుగా ఏటి నడుమ ఉన్న గడ్డ మీదికి దాటిస్తారు. చుట్టూ నీళ్ళు, మధ్యలో గడ్డి. శివరాత్రి దాకా గొర్రెలూ, వాటిని చూసుకునే ఒక మనిషీ అక్కడే. ఆ ఏడు ఆ మనిషి నేనవుతానన్నాను.

నర్సప్ప మంచం మీద పిండికట్టుతో పడుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"అక్కా, ఒక్కటే మాట. ఉన్ని జోలికి పోకు. దసరాకే కత్తిరియ్యాల్సింది, నా కాలు గిట్లయింది. ఇప్పుడు చలిల కత్తిరిస్తే గొర్లు బతకవు. శివరాత్రి దాంక ఆగు."

"నాకు చెప్తున్నవా? నువ్వు పుట్టకముందే గొర్లు కాసిన."

"కాసినవు. కత్తెర పట్టలే."

"నోరు మూసుకొని పండు."

"ఇరవై ఆరున్నయి. శివరాత్రికి ఇరవై ఆరూ నాకు చూపియ్యాలె. అవే నా ఇల్లు, అవే నా పొలం. పెద్ద గొర్రె గౌరి సూడిది, పైలం."

చూపిస్తానని వాడి తల మీద చేయి పెట్టి చెప్పాను. ఒక ట్రంకు పెట్టె, ఒక పెద్ద చీరల మూట పట్టుకుని పుట్టి ఎక్కాను. మూటలో ఉన్నవి మా వీధి ఆడవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన పాతచీరలు. ఊరికే కూర్చోకుండా బొంతలు కుడదామని తెచ్చాను. ట్రంకులో ఉన్నది ఒక్కటే, నా పెళ్ళికి అమ్మ పెట్టిన గద్వాల చీర. ముప్ఫై ఏళ్ళలో దాన్ని కట్టలేదు, కడితే పాతబడుతుంది కదా. కోడలు పురిటికి వెళ్ళింది, మనవరాలు పుడితే తొట్టెల నాడు కడదామని నిశ్చయించుకున్నాను. ఇంట్లో వదిలితే ఎలుకలు కొడతాయని వెంట తెచ్చుకున్నాను.

ఆ గడ్డ సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. తెల్లవారి లేచేసరికి ఏరు ఉండదు. ఒడ్డు ఉండదు, ఊరు ఉండదు. పాలు పొంగి గిన్నె దాటినట్టు మంచు నలుదిక్కులా పరుచుకుని ఉంటుంది. ఎగువన కరెంటు తయారుచేసేచోటి పెద్ద గొట్టాలు రెండు మాత్రం ఆ తెలుపు మీద తేలుతూ కనిపిస్తాయి, కింద ఏ ఆధారమూ లేకుండా. గొర్రెలు ఒకటొకటే మంచులోంచి బయటికొచ్చి, నా ముఖం చూసి, మళ్ళీ మంచులోకి వెళ్ళిపోయేవి. వాటి మధ్య సుబేదారు నిలబడేవాడు. సుబేదారంటే తమ్ముడి ముసలి తట్టుగుర్రం. కోసిన గడ్డి గడ్డ దిగువ నుంచి దొడ్డికి మోసుకురావడం వాడి పని. రెండు అడుగులు వేసి ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు ఆగేవాడు. వాడి కోసం ఆగి ఆగి నాకూ ఆ అలవాటే అబ్బింది. చాలా రోజులకు ఏ పనీ చేయకుండా నీళ్ళ చప్పుడు వింటూ కూర్చున్నాను. నా జన్మలో అంత దుబారా నేను ఎన్నడూ చేయలేదు.

మరి ఆ హాయిని పాడుచేసింది ఏమిటంటారా? ముళ్ళకంప. గొర్రెలు కంప పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా నల్లని ఉన్ని కుచ్చులు ముళ్ళకు చిక్కేవి. మొదటి రోజు చూసి ఊరుకున్నాను. రెండో రోజు ఏరి ఒళ్ళో వేసుకున్నాను. వారం తిరిగేసరికి గొర్రెలను వదిలేసి కంపలను కాస్తున్నాను. ఎవరిదో నూనె కారిపోతుంటే చూస్తూ కూర్చున్నట్టుండేది ప్రాణానికి. గాలికి పోయే ఉన్నిని గొంగడి చేస్తే తప్పేమిటి? చలి కూడా అంతగా లేదు. నర్సప్ప మంచం మీద ఉన్నాడు, వాడికేం తెలుసు?

చీరలు చింపడానికి తెచ్చుకున్న కత్తెర తీశాను.

ఉన్ని కత్తిరించేవాళ్ళ చేతిలో గొర్రె నిద్రపోతుందంటారు. నా చేతిలో ప్రతి గొర్రే మేలుకుని దేవుణ్ణి తలుచుకుంది. మొదటిది లేచి నిలబడితే ఎలుకలు కొరికిన పరుపులా ఉంది. రెండోదానికి ఒకవైపు అయిపోయేసరికి పారిపోయింది, మర్నాటి దాకా అరగొర్రెగానే తిరిగింది. ఎనిమిది రోజుల్లో ఇరవై ఆరూ అయ్యాయి. చివరికి గౌరిని కూడా, మెల్లగా, కడుపు దగ్గర కత్తెర తగలకుండా. ఉన్ని నేనుండే గుడిసెలో సగానికి పేరుకుంది. ఆ కుప్ప మీద పడుకుంటే మబ్బు మీద పడుకున్నట్టే ఉంది. కళ్ళు మూసుకుంటే గడ్డే పుట్టిలా ఊగుతూ ఏట్లో సాగిపోతున్నట్టు అనిపించేది. మహారాణులకు కూడా అలాంటి పడక ఉండదనుకున్నాను.

మూడు రోజులు మహారాణినే. నాలుగో రోజు గాలి తిరిగింది.

తెల్లారి దొడ్డిలోకి వెళ్ళేసరికి ఇరవై ఆరు గొర్రెలూ ఒకదాని కింద ఒకటి దూరాలని చూస్తున్నాయి. పళ్ళు టకటకమంటున్నాయి. గొర్రెకు పళ్ళు టకటకమంటాయా అని అడగకండి, నేను విన్నాను. గౌరి నేల మీద కూలబడి ఉంది. చెవులు ముట్టుకుంటే ఏట్లో రాళ్ళలా చల్లగా ఉన్నాయి. ఇరవై ఆరూ చూపిస్తానని చేయి పెట్టిన తల నాకు గుర్తొచ్చింది.

మొదట కత్తిరించిన ఉన్నినే తెచ్చి వాటి వీపుల మీద పరిచాను. గాలి ఒక్క ఊపున దాన్ని ఎత్తుకుపోయి ఏట్లో వేసింది. తర్వాత యూరియా సంచులు కట్టాను. సంచి గలగలమంటే గొర్రె బెదిరి పరుగెత్తింది, పరుగెత్తితే సంచి ఇంకా గలగలమంది. గడ్డంతా మూడు చుట్లు తిరిగాం, అవి ముందు, నేను వెనక. సుబేదారు మధ్యలో నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు.

మిగిలింది చీరల మూట. ఒక్కో గొర్రెకు ఒక్కో చీర, నాలుగు మడతలు వేసి పొట్ట చుట్టూ తిప్పి, చెవులకు చలి తగలకుండా కొంగు తల మీదుగా తెచ్చి గడ్డం కింద ముడి. టీచరమ్మ నీలం చీర ఒకదానికి, కిరాణా కొట్టావిడ పువ్వుల చీర ఇంకోదానికి. చీర కట్టగానే గొర్రెలు కూడా కుదురుగా కూర్చున్నాయి. నా గొంగడి సుబేదారుకు కప్పాను.

ఇరవై అయిదు చీరలతో మూట అయిపోయింది. గౌరి మిగిలింది.

ట్రంకు దగ్గరికి వెళ్ళి వచ్చాను. మళ్ళీ వెళ్ళి వచ్చాను. "పెద్దమనిషివి, కొంచెం ఓర్చుకోవే," అని గౌరితో అన్నాను. అది నా వైపు చూడనైనా లేదు, దానికి ఓపిక లేదు. మూడోసారి వెళ్ళి పెట్టె తెరిచాను. ముప్ఫై ఏళ్ళ మడతలు విప్పుతుంటే అమ్మ ఇంటి వాసన వచ్చింది. ఎర్రంచు గద్వాల చీర గౌరికి కట్టాను. నిజం చెప్పొద్దూ, నాకన్నా దానికే నప్పింది.

గడ్డ తలదాపున ఉన్న బండ ఎక్కితేనే ఫోను పలికేది. ఎక్కి తమ్ముడికి చేశాను.

"నర్సప్పా, గొంగళ్ళు పంపు."

"ఎన్ని?"

"ఎన్నుంటే అన్ని. పది, పదిహేను."

"గొర్ల మీద ఉన్ని ఉండె, నీకు పదిహేనెందుకక్కా?"

"ముసలిదాన్ని. చలి."

"సరే, రేపు పొద్దుగాల భీమప్ప తెస్తడు," అన్నాడు.

భీమప్ప మా పుట్టి నడిపేవాడు. చాలా మర్యాదస్థుడు. ఆ మర్యాదే నా కొంప ముంచింది. మర్నాడు తెల్లవారుతుంటే గుడిసెలో గౌరికి నిప్పు సెగ చూపిస్తున్నాను. తెడ్డు చప్పుడు దగ్గరికి వచ్చింది, ఆగింది, మళ్ళీ దూరమైంది. ఒడ్డుకు పరుగెత్తాను. మంచులో పుట్టి నీడ వెనక్కి తిరిగి పోతోంది. భీమప్ప గడ్డకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"భీమప్పా, ఎందుకు మల్లుతున్నవు?"

"తొందర లేదవ్వా. ఆడోళ్ళు లేవనీ, మల్లొస్త."

నేను పక్కకు చూశాను. ఒడ్డు పొడుగునా, మంచులో, తల మీద కొంగులు కప్పుకుని, ఇరవై అయిదు మంది వరుసగా కూర్చుని ఉన్నారు. ఏటి ఒడ్డున తెల్లవారుజామున ఆడవాళ్ళు అలా కూర్చుని ఉంటే మా వైపు ఏ మగవాడైనా చేసే పనే అతనూ చేశాడు.

"అవి గొర్లురా."

"అట్ల అనకవ్వా. ఎట్లున్నా ఆడోళ్ళు, గొర్లంటె బాగుండదు."

"నిజంగ గొర్లే. ఒకపారి ఇటు చూడు."

"నేను చూడనవ్వా. మా ఇంట్ల కూడ అక్కచెల్లెండ్లున్నరు."

తెచ్చిన పదిహేను గొంగళ్ళూ దించకుండానే, తల దించుకుని, అంత మంచివాడు మంచులో కలిసిపోయాడు. నేను గుడిసెకు తిరిగొచ్చి సుబేదారును లోపలికి లాగి, గౌరిని వాడి పొట్టకు ఆనించి, నేను రెండో పక్క ఆనుకుని కూర్చున్నాను. మేం ముగ్గురం ఒకరి ఊపిరి ఒకరం వింటూ ఉన్నాం. అబద్ధం ఆడకుండా ఉంటే నర్సప్పే గొంగళ్ళు పట్టుకుని పరుగెత్తుకు వచ్చేవాడు కదా అని ఆ పూటంతా అనిపించింది. మధ్యాహ్నానికి సుబేదారును కాస్త మేతకు బయటికి వదిలాను, గొంగడితోనే.

అప్పుడే పుట్టి మళ్ళీ వచ్చింది. అందులో పొద్దుటి గొంగళ్ళు, భీమప్ప, పిండికట్టు కాలు చాపుకుని నర్సప్ప, రెండు పెద్ద గంపలతో ఈరమ్మ.

"వదినా, ఇంతమందిని పిలుసుకున్నవు, ఒక మాట చెప్పొద్దా?" అని ఈరమ్మ నీళ్ళ మీద నుంచే మొదలుపెట్టింది. "భీమప్ప చెప్తే దేవసూగూరుకు మొక్కుకు పోయేటోళ్ళేమో అనుకున్న. పొద్దుగాల సంది రొట్టెలు చేసిన. పసుపు కుంకుమ గూడ తెచ్చిన." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "అది సరే గానీ, ఆ గొంగడి కప్పుకొని వంగి నిలబడ్డ మగమనిషి ఎవరు?"

నేను జవాబు చెప్పేలోగా ఎండ వచ్చింది. మంచు మెల్లగా పైకి లేచింది, ఎవరో తెర ఎత్తినట్టు. మగమనిషి తల ఎత్తి సకిలించాడు. పువ్వుల చీరావిడ లేచి నిలబడి బే అంది.

భీమప్ప ఒక్కడే ఇంకా మొహం తిప్పుకుని ఉన్నాడు.

నర్సప్ప చీరల కింద బోడి కాళ్ళను చూశాడు. నా చేతిని చూశాడు, కత్తెర పట్టిన చోట బొబ్బలున్నాయి. "కత్తిరించినవు," అన్నాడు. కత్తిరించానన్నాను. "అక్కా, లెక్క చూపియ్యి," అన్నాడు. భీమప్ప భుజం పట్టుకుని దిగి, కుంటుకుంటూ ఒక్కొక్క కొంగు ఎత్తి చూశాడు. ఇరవై అయిదు. గుడిసె వైపు చూశాడు. నేను తలుపు తడిక తీశాను.

గద్వాల చీర ఎర్రంచు కింద గౌరి పడుకుని ఉంది. దాని పక్కన తడి తడిగా, నల్లగా రెండు పిల్లలు, లేవడానికి తొట్రుపడుతున్నాయి.

"ఇరవై ఎనిమిది," అన్నాడు మా తమ్ముడు. అక్కడే కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈరమ్మ మాత్రం నవ్వలేదు. గంభీరంగా భరిణె తీసి గౌరి నుదుటికి కుంకుమ పెట్టింది. "కొత్తచీర కట్టిన బాలింత. బొట్టు పెట్టకుండ ఎట్ల పోనిస్తం వదినా?" తర్వాత మిగతా ఇరవై అయిదు మందికీ పెట్టి, తలా ఒక జొన్నరొట్టె పంచింది. వద్దన్నవారు లేరు. ఆ పూట పదిహేను గొంగళ్ళూ కప్పాం, శివరాత్రి దాకా అన్నీ బతికాయి. మనవరాలి తొట్టెల నాడు నేను గద్వాల చీరే కట్టాను. పక్కన కూర్చున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ముక్కు మూసుకుని దూరం జరిగారు.

ఈనాటికీ చలికాలంలో భీమప్ప గడ్డకు పుట్టి తెస్తే ఏటి నడుమే తెడ్డు ఆపి, వీపు తిప్పుకుని కేక వేస్తాడు: "అవ్వా, గొర్లా, ఆడోళ్ళా?"

కాబట్టి చదివేవాళ్ళందరి ఎదుటా కృష్ణమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: శివరాత్రి దాటకుండా ఏ గొర్రె మీదా కత్తెర వేయను, వేసినా తమ్ముడితో అబద్ధం ఆడను. ఈ మాట అప్పుడే అనుకుని, గుర్తుగా ఆ కత్తెరను ఏట్లో పారేద్దామని గడ్డ చివరి దాకా వెళ్ళి చేయి ఎత్తాను. కానీ చూస్తే, పదును ఇంకా బాగానే ఉంది.