తూకమయ్యాక వేసే గుప్పెడు

మా పాలెంలో ఎండు రొయ్యల షెడ్డు ఇక మూతపడుతుందని అందరూ అనుకున్న ఏడాది నేనింకా ఒత్తులు కూడబలుక్కుని చదువుతున్నాను. యాభై దాటాక, తుఫాను షెల్టరు వరండాలో, మధ్యాహ్నం పూట, పక్క ఊరి చర్చి నుంచి వచ్చే టీచరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్న ఆరు నెలలకే షెడ్డు రిజిస్టరు నా చేతికి వచ్చింది. పనిచేసే పదకొండు మంది ఆడవాళ్ళలో సంతకం కాక ఇంకో మాట రాయగలిగింది నేనొక్కదాన్నే కాబట్టి వచ్చింది. అంతకన్నా గొప్పేమీ లేదు.

బోగోలు దాటాక మా ఒడ్డు పాలేలలో మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు చేపలు గంపకెత్తుకుని మెట్ట ఊళ్ళకు పోయి అమ్ముకొస్తారు. మోకాళ్ళు సాగినన్నాళ్ళే ఆ పని. అవి మొరాయించిన రోజు నుంచి ఇంట్లో కూర్చోవాలి, ఒకరు పెడితే తినాలి. అలాంటి ఆడవాళ్ళ కోసమని ఒక ట్రస్టు వాళ్ళు షెడ్డు వేయించారు. ఇసుకలో పరచకుండా ఎండబెట్టడానికి వల కట్టిన ఎత్తు బల్లలు, ఒక తూకం మిషను, కవరు మూతి అంటించే మిషను ఇచ్చారు. రొయ్యలు శుభ్రంగా ఎండబెట్టి, రెండు వందల గ్రాముల కవర్లలో నింపి, నెల్లూరు, కావలి దుకాణాలకు పంపాలి. షరతు ఒకటే. మూడో ఏడు ఏప్రిల్లో వేట నిషేధం మొదలయ్యేలోపు షెడ్డు తన కాళ్ళ మీద తాను నిలబడాలి. నిలబడకపోతే బల్లలూ మిషన్లూ ఇంకో ఊరికి పోతాయి.

మొదట్లో మాకు శిక్షణ ఇవ్వడానికి ఒకాయన వచ్చి గోడకు చార్టు అంటించాడు. పైన ‘విజయవంతమైన వ్యాపారి లక్షణాలు’ అని రాసి ఉంది. నేను మొదటి మాట పూర్తి చేసేసరికి ఆయన నాలుగో లక్షణంలో ఉన్నాడు. ధైర్యం, పట్టుదల, కొత్త ఆలోచన, ఓర్పు, ఇచ్చిన మాట నిలుపుకోవడం. వెనక వరసలో కూర్చున్న మా పెద్దత్త, అంటే మా అత్తగారి అక్క, అంతా విని అడిగింది.

“ఇన్నుంటే యాపారం ఎందుకు నాయనా, ఎమ్మెల్యేకి నిలబడొచ్చు గదా?”

ఆయన కూడా నవ్వాడు.

పెద్దత్త నలభై ఏళ్ళు గంప మోసింది. కూతుళ్ళిద్దరూ పెళ్ళిళ్ళయి పోయారు, పెద్దమామ పోయి చాలా కాలమైంది. షెడ్డుకు మొదట నేను పిలిచింది ఆమెనే. మిగతావాళ్ళు నలభై కవర్లు నింపే పొద్దులో ఆమె పదిహేను నింపుతుంది. చురుగ్గా పని చేసేవాళ్ళనే పెట్టుకోండి, షెడ్డు తొందరగా నిలబడుతుంది అని చార్టు ఆయన చెప్పి వెళ్ళాడు. ఆ మాట నాకు చాలా రోజులు మనసులో నలిగింది. పెద్దత్తకు చోటు లేకపోతే షెడ్డు ఎందుకు? షెడ్డు నిలబడకపోతే పెద్దత్తకు చోటెక్కడ? లాభం కోసమే పెట్టిన దుకాణానికి ఈ చిక్కు ఉండదు. మాకు రోజూ ఉండేది.

రెండేళ్ళు ఎలాగో నడిచింది. మూడో ఏడు చలికాలం వెళ్తుండగా మేడం ఒక సంగతి పట్టుకుంది. మేడం అంటే ట్రస్టు తరఫున నెలకు రెండుసార్లు నెల్లూరు నుంచి వచ్చే అమ్మాయి, మా చిన్నదాని ఈడుది. ఎండాక జల్లించి కట్టిన నలభై కిలోల బస్తా విప్పితే రెండు వందల కవర్లు రావాలి. మాకు నూట ఎనభై అయిదు వస్తున్నాయి. ఒక బస్తా కాదు, ప్రతి బస్తా అంతే.

“మిగతావి ఎక్కడికి పోతున్నాయమ్మా? ఇలాగే ఉంటే షెడ్డు ఎప్పటికీ నిలబడదు,” అంది.

కవర్లు అంటించే మిషను దగ్గర కూర్చునే మా పక్కింటామె గాలితో చెప్తున్నట్టు అంది. “ఎవురో కొంగున కట్టుకపోతుండారు. నాకెందుకులే, నేను చెప్పను.”

“చెప్పనంటానే చెప్తుండావు గదమే,” అంది పెద్దత్త. “నా పక్క చూస్తా చెప్తుండావెందుకు? ఇదో నా కొంగు, ఇదిలించి చూడు. చిరుగులు తప్ప ఏం రాలవు.”

“నేను ఎవర్నీ అనడం లేదు,” అంది మేడం. “రేపటి నుంచి వెళ్ళేటప్పుడు సంచులు ఒకసారి చూపించి వెళ్ళండి. పెద్ద ఫ్యాక్టరీల్లో కూడా అంతే కదా.”

పెద్దత్త లేచి నిలబడింది. ఆమె లేవాలంటే గోడ పట్టుకోవాలి. ఆ రోజు పట్టుకోలేదు.

“నలభై ఏండ్లు గంప మోసినానమ్మా. ఎన్ని గడపలు తొక్కినానో లెక్క లేదు. నా గంప ఎతికినోళ్ళు ఒక్కరు లేరు. సంచి ఎతుకుతానంటే నేను రాను.”

నేను అడ్డం పడ్డాను. “రిజిస్టరు రాసేది నేను గదా మేడం. తప్పు నా రాతలో ఉండాదేమో. ఒక్క వారం ఆగండి, చూసుకుంటా.”

మేడం సరేనంది. పెద్దత్త నా వైపు చూసి, “వారమే. నీ మొకం చూసి,” అని మళ్ళీ కూర్చుంది.

ఆ మాట అయితే అన్నాను కానీ భయం పట్టుకుంది. తప్పు నిజంగా నా రాతలోనే ఉంటే? ఆ వయసులో నేర్చుకున్న చదువు ఎంత గట్టిదో నాకే తెలియదు. అక్షరాలు రాకముందు నేను లెక్క పెట్టుకున్నది వల తాడుకు ముడులు వేసి. పదికి చిన్న ముడి, నూరుకు రెట్టింపు ముడి. మూడు రోజులు రిజిస్టరు ఒక పక్క, తాడు ఒక పక్క పెట్టుకుని రెంటిలోనూ వేశాను. మూడో రోజు సాయంత్రం ముడులు లెక్కపెట్టి కాగితం చూశాను. రెండూ ఒకటే చెప్పాయి. రిజిస్టరు మూసి దాని మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. నా చదువు నిజమైనందుకు సంతోషం. నా చదువు నిజమైతే ఎవరో తీస్తున్నట్టే కదా అని బాధ.

నాలుగో రోజు పొద్దున అందరికన్నా ముందే షెడ్డుకు వచ్చాను. అంటించి పెట్టిన ఒక కవరు తీసుకుని, అలవాటు కొద్దీ దాని మీది అక్షరాలు చదువుతున్నాను. ‘నికర బరువు 200 గ్రాములు.’ నికర అంటే ఏమిటో టీచరమ్మను అడిగి తెలుసుకున్న మాట. కవరు పక్కన పెడితే లోపల అసలుగా ఉండేది అని చెప్పింది. రాసిన మాట నిజమో కాదో చూద్దామని కవరును తూకంలో పెట్టాను. రెండు వందల పదిహేడు చూపించింది. ఇంకోటి పెట్టాను. రెండు వందల పద్నాలుగు. ఇంకోటి, రెండు వందల ఇరవై రెండు. ఖాళీ కవరు బరువెంతని అది కూడా పెట్టి చూశాను. మిషనులో అంకె కదిలినట్టు కూడా లేదు.

అప్పుడు నేనే ఒక కవరు నింపి చూశాను. రొయ్యలు పోశాను, తూకంలో పెట్టాను, సరిగ్గా రెండు వందలు. కవరు కిందికి దించాను. నేను చూస్తుండగానే నా కుడి చెయ్యి రొయ్యల కుప్ప మీదికి పోయింది, నాలుగు వేళ్ళకు పట్టినంత తీసింది, కవరులో వేసింది.

కొసరు.

ఎవరూ లేని షెడ్డులో నేను గట్టిగా నవ్వేశాను. మా ఒడ్డున ఏ ఆడదీ తూచినంతే ఇచ్చి ఊరుకోదు. తక్కెడ దించాక గుప్పెడు వేసి గానీ గంపకు గోనె కప్పదు. అది ఎవరూ నేర్పరు. అమ్మ గంప పక్కన కూర్చుని చూస్తూ పెరుగుతాం, అంతే. ఆ చెయ్యికి షెడ్డు ఏమిటి, బజారు ఏమిటి?

ఆ రోజంతా రిజిస్టరు బల్ల దగ్గర కూర్చుని చేతులే చూశాను. నింపే ప్రతి ఒక్కరూ వేస్తున్నారు. పెద్దత్త గుప్పెడు అందరికన్నా పెద్దది. ఇక కవర్లు అంటించే మా పక్కింటామె, బల్ల మీద చిందిన రొయ్యలు నాలుగు ఏరి, మూతి అంటించే ముందు లోపలికి జారవిడుస్తోంది. అంటే మా కవరుకు కొసరు మీద కొసరు పడుతోంది.

మేడం వచ్చిన రోజు ఈ సంగతి చెప్తే ఆడవాళ్ళు ఒప్పుకోలేదు.

“నేనెందుకేస్తా? నాకేం పిచ్చా?” అంది పక్కింటామె.

“ఒక్కో కవరు నింపి చూపించండి,” అంది మేడం. ఒకరి తర్వాత ఒకరు నింపారు. ఏడో ఆమె చెయ్యి కుప్ప మీదికి పోతుంటే మిగతావాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పక్కింటామె నాలుగు రొయ్యలూ వేసి, మూతి అంటించి, అప్పుడు చూసుకుంది.

“ఓసి నా చెయ్యి ఇరగ! నేనే దొంగనా?”

“ఇయ్యి నీ కొంగులోవి కాదులేమే,” అంది పెద్దత్త. “ఇదిలించక్కర్లా.”

నవ్వులు ఆగాక మేడం నెమ్మదిగా చెప్పింది. “అమ్మా, కవరు మీద రెండు వందలు అని ఉంది. కొనేవాళ్ళు అది చదివే కొంటారు. మీరు ఎక్కువ వేశారని వాళ్ళకు తెలియదు కూడా. ఇక వెయ్యొద్దు. అంటించాక మళ్ళీ తూచండి.”

న్యాయమే. సంచులు వెతికే మాట పోయింది. అయితే షెడ్డులో ఏదో బిగుసుకుపోయింది. చేతులు కుప్ప దాకా పోయి ఆగిపోయేవి. పెద్దత్త రెండు రోజులు ఒళ్ళో చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంది. మూడో రోజు రాలేదు.

మధ్యాహ్నం నేను వాళ్ళింటికి పోయాను. చూరు కింద కాళ్ళు చాపుకుని ఉంది.

“ఏంది పెద్దత్తా, రాలేదే?”

“తూచినంతే ఇచ్చేదానికి మనమేమన్నా బంగారం అంగడోళ్ళమా? నా చెయ్యి రాదు. నా బదులు ఇంకెవురినన్నా పెట్టుకోండి, నాలుగు కవర్లు ఎక్కువ నింపతారు.”

“నువ్వు లేకపోతే షెడ్డెందుకు?”

“అట్టా మాట్టాడబాక. ఒకదాని కోసం పదిమందిని ముంచతావా?”

నేను ఆమె పక్కన కూర్చుని అడిగాను. “ఆ గుప్పెడు ఎందుకేసేదానివి?”

“ఎందుకేంది? ఆ గుప్పెడు చూసే గదా మళ్ళా పిలిచేది. చాపలు అందరి గంపల్లోనూ ఉంటాయి. కొసరు కాడే మనిషి తెలిసేది.”

“చూసి అంటుండావు. మన కవరులో చూసేదెవురు?”

ఆమె నా వైపు చూసింది. మొహం పక్కకు తిప్పుకుంది. ఇంటికి వస్తూ అనవసరంగా నొప్పించానేమో అనుకున్నాను. చార్టు ఆయన చెప్పిన మాటలన్నీ విన్నాను కానీ, మళ్ళీ పిలిపించుకోవడం ఎలాగో ఆ చార్టులో లేదు. అది పెద్దత్తకు తెలుసు. ఆమె చేతిని నమ్మేవాళ్ళు ఆమె ఎదుట ఉండేవాళ్ళు. మా కవరును కొనేవాళ్ళు అక్షరాన్ని నమ్ముతున్నారు. ఆ అక్షరం అబద్ధమాడకూడదని నాకు తెలుసు. ఈ రెంటినీ ఒకచోట ఎలా కూర్చోబెట్టాలో మాత్రం నాకు తోచలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దత్త జల్లెడ చంకన పెట్టుకుని షెడ్డుకు వచ్చింది.

“నువ్వు చెప్పిందే నిజం,” అంది. “కండ్ల ముందర వెయ్యకపోతే అది కొసరు కాదు, చిల్లుగంపలో కారిపోడం. నన్ను కావలి అంగడి కాడ కూర్చోబెట్టు. కవరు కొన్నోళ్ళకి అక్కడ ఏస్తా.”

“ఏం వేస్తావు? మళ్ళీ బస్తాలోవేనా?”

ఆమె మూల ఉన్న తట్ట చూపించింది. జల్లెడ కింద రాలిన విరిగిన రొయ్యలు, ముక్కలు. కవరులోకి పనికిరావని కోళ్ళ దాణాకు ఇచ్చేసేవాళ్ళం. ఆమె కూర్చుని ఇసుక, తలలు, మీసాలు ఏరడం మొదలుపెట్టింది. ఆ పనికి తొందర అక్కర్లేదు. నాలుగు రోజులు ఏరితే తట్టెడు ముక్కలు అద్దంలా తయారయ్యాయి. వేయించి కారప్పొడి కొట్టుకుంటే వేడన్నంలోకి వాటిని మించింది లేదు.

కావలి దుకాణం ఆయన మొదట ఒప్పుకోలేదు. “వాసనకు బేరాలు పోతాయమ్మా,” అన్నాడు.

“రొయ్యలమ్ముకుంటా వాసనంటే ఎట్టన్నా?” అంది పెద్దత్త. “ఒక్క ఆదివారం చూడు. బేరం పోతే నేనే లేచిపోతా.”

ఆదివారం నీసు తినే రోజు. ఆమె గుమ్మం పక్కన తట్ట పెట్టుకుని కూర్చుంది. కవరు కొని బయటికి వచ్చిన ప్రతి మనిషినీ ఆపి, కాగితంలో గుప్పెడు పోసి, చేతిలో పెట్టింది. “ఇది మా పాలెం కొసరమ్మా. మళ్ళా ఆదివారం ఇక్కడే ఉంటా.” కొందరు తీసుకోవాలా వద్దా అని తటపటాయించారు. ఉచితమంటే టౌనులో అనుమానం. అయినా తర్వాతి ఆదివారం ఇద్దరు ముగ్గురు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. నెల తిరిగేసరికి దుకాణం ఆయన ఆమెకు స్టూలు వేశాడు. ఆమె స్టూలు పక్కకు జరిపి కిందే కూర్చుంది.

షెడ్డులో బస్తాకు నూట తొంభై ఎనిమిది కవర్లు వస్తున్నాయి. మిగతా రెండూ మూతి అంటించే దగ్గర ఏ చేతి మీదుగా పోతున్నాయో నాకు తెలుసు. మేడం అడగలేదు, నేను చెప్పలేదు.

వేట నిషేధానికి ముందు చివరి ఆదివారం తట్ట మోయడానికి నేనూ కావలి పోయాను. షెడ్డు ఉంచాలా తీసేయాలా అని ట్రస్టు వాళ్ళు ఆ వారమే కూర్చుని మాట్లాడారని తెలుసు. పొద్దున పది గంటలప్పుడు మేడం ఆటో దిగింది. నేను తట్ట పక్క నుంచి లేచి నిలబడ్డాను. ఆమె మా వైపు రాకుండా నేరుగా దుకాణంలోకి పోయి, డబ్బులిచ్చి ఒక కవరు కొనుక్కుని, వచ్చి పెద్దత్త ముందు నిలబడింది.

“ఏం పాపా, షెడ్డు ఉంటదా పోతదా?” అంది పెద్దత్త. “ఎండలో నిలబడి నానుస్తావెందుకు, చెప్పేసి పో.”

“ముందు కొసరు వెయ్యండవ్వా.”

పెద్దత్త కాగితం తీసి గుప్పెడు పోసింది. మేడం చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పెద్దత్త ఆమె మొహంలోకి ఒకసారి చూసి, ఇంకో చిటికెడు వేసింది.

“ఉంటుంది,” అంది మేడం, పొట్లం మడుచుకుంటూ.

పెద్దత్త తల ఊపి, గుమ్మం దాటి పోతున్న ఒకామెను కేకేసింది. “అమ్మా, కవరు కొని అట్టే పోతుండావే? చెయ్యి పట్టు.”