కోదాడ మేడం కార్డులు, నా బోర్డు

సూర్యాపేట బస్టాండ్ల నేను కంట్రోలర్‌ను. ఏ బస్సు ఎన్నిటికి వస్తది, ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతది అని మైకుల చెప్పుడు, బోర్డు మీద రాసుడు నా పని. నా అక్షరాలు గుండ్రంగ, దూరం నుంచి గూడ కనపడేటట్టు ఉంటయని డ్రైవర్లు అంటరు. గా మాట వింటే నాకు సంతోషం. ఇంకొకరి రాతను మెచ్చుకుంటే నాకు ఎట్లుంటదో మాత్రం మొన్నమొన్నటిదాక నాకే తెల్వదు.

నాలుగేండ్ల కింద మార్కెట్ రోడ్డుల కామిక్స్ దుకాణం ఒకటి తెరిచిండ్రు. పెట్టినాయన వడ్ల వ్యాపారం చేసే ఇంట్ల చిన్న కొడుకు. వాళ్ల గోదాముకు ముందట ఉండే గది ఖాళీ చేయించి, చెక్క అరలు కొట్టించి, నిండ బొమ్మల పుస్తకాలే పెట్టిండు. తెలుగువి, ఇంగ్లీషువి, జపాన్ నుంచి వచ్చే వెనక నుంచి ముందుకు చదివేటివి, ఎక్కడెక్కడో పాత ఇండ్లల్ల కొనుక్కొచ్చిన పాతవి. వాళ్ల అన్నలు నవ్విండ్రట, "బియ్యం అయితె రోజూ తింటరు, బొమ్మలు ఎవరు తింటరు" అని. గోడకు అవతల ఇంక వడ్ల బస్తాలే ఉంటయి కాబట్టి, దుకాణంల కొత్త పుస్తకం తెరిచినా జర తవుడు వాసన వస్తది. ఊరంత ఆయనను సేటు అంటరు, నేను గూడ అంతే. నాకంటె పదేండ్లు చిన్న, నన్ను అన్నా అంటడు.

నేను చిన్నప్పుడు కిరాయికి తెచ్చుకొని బొమ్మల పుస్తకాలు చదివినోన్ని. దుకాణం తెరిచిన వారంలనే పోయిన. మూడో వారానికి, బయట గోడకు ఆనిచ్చిన నల్లబోర్డు మీద సేటు రాసిన వంకర అక్షరాలు చూడలేక, సుద్ద ముక్క అందుకొని నేనే రాసిన. "కొత్తగ వచ్చినవి" అని పైన, కింద వరుసగ పుస్తకం పేరు, ఎన్నో భాగం, ఎన్ని కాపీలు. కింద మూలకు "వచ్చే వారం రానున్నవి". అచ్చం బస్సుల బోర్డు లెక్కనే. సేటు కిందికి పైకి చూసి, "అన్నా, ఇగ ప్రతి శనివారం నువ్వే రాయాలె" అన్నడు.

పుస్తకాల డబ్బా హైదరాబాద్ నుంచి శనివారం పొద్దున బస్సుల మా బస్టాండ్‌కే దిగుతది. దించుకునేది నేను, డ్యూటీ దిగినంక బండి మీద పెట్టుకొని దుకాణానికి తెచ్చేది నేను, సుతిలి కోసి తెరిచేది నేను. ఒక్కో పుస్తకం బయటికి తీస్తుంటే సేటు పక్కన నిలబడి లిస్టుల టిక్కు పెట్టేటోడు. ఊర్ల అందరికంటె ముందు నా చెయ్యి పడ్డంకనే గా పుస్తకం అర ఎక్కేది. దీంట్ల అంత గొప్ప ఏమున్నదని మీరు అడగొచ్చు. నాకున్నది.

మిర్యాలగూడ నుంచి ఒక పెద్దమనిషి వచ్చేటోడు. రైసుమిల్లుల మెకానిక్‌గ చేసి రిటైరయిండు. దుకాణంలకు పోకముందు బోర్డు ముందు నిలబడి ఫోన్ల ఫొటో తీసుకునేటోడు. "నీ బోర్డు చూస్తే రైలు టైంటేబుల్ చూసినంత ధీమాగ ఉంటది బిడ్డా" అనేటోడు. గా మాట ఇంటికి పోయి నా భార్యకు చెప్పిన. "మంచిదే" అని ఆమె కూర కలుపుకుంట పోయింది.

గట్ల మూడేండ్లు గడిచినయి.

పోయినేడు వానకాలంల కోదాడ మేడం వచ్చింది. గాడ దవాఖాన ల్యాబ్‌ల రక్తపరీక్షలు చేస్తది. శనివారం మధ్యాహ్నం డ్యూటీ అయిపోయినంక బస్సెక్కి వస్తది. మొదటి రోజు ఆమె అడిగింది ఒక్క పుస్తకమే. ఓడల పుట్టి ఓడలనే పెరిగిన ఒక ఆడపిల్ల మొదటిసారి నేల మీదికి దిగితే ఏమయిందన్న కథ. మూడు భాగాలు, అప్పటికి ఒకటే వచ్చింది. తీసుకపోయింది, మరుసటి వారం మళ్ల వచ్చింది. సంచిల నుంచి ఒక చిన్న కార్డు తీసి సేటు చేతిల పెట్టింది.

"ఏమనుకోకండి, చదివాక రాయాలనిపించింది. ఆ పుస్తకం దగ్గర పెడతారా?"

సేటు చదివిండు. నవ్వి నాకిచ్చిండు. కార్డు మీద గిట్లున్నది: "నేల మీద మొదటి రాత్రి ఈ పిల్లకి నిద్ర పట్టదు, మంచం ఊగటం లేదని. పదిహేడో పేజీలో ఆమె ఏం చేసిందో చూడండి. నేనక్కడ ఆగి, లేచి టీ పెట్టుకుని వచ్చాను."

రాత బాగలేదు. అక్షరాలు చీమల్లెక్క. "ఊగటం" ఎవరంటరు మా దిక్కు, ఊగుడు అంటం. నేను గదే అనుకున్న. గని నా చెయ్యి అర దిక్కు పోయి, నేను ఎప్పుడో చదివి పెట్టిన గా పుస్తకంల పదిహేడో పేజీ తీసింది. నేను గా పేజీని పట్టించుకోకుంటనే దాటిన. గా పిల్ల కుర్చీ ఎక్కి, కాళ్లు వేలాడదీసి, తనను తానే ముందుకు వెనకకు ఊపుకుంట కూసున్నది. పుస్తకం మూసి పెట్టిన.

నెల తిరిగేసరికి అరల నిండ కార్డులే. ఒక దాని మీద, "ఇది పిల్లలకని రాశారు కానీ మా అత్తగారు తిరిగి ఇవ్వలేదు." ఇంకొకదాని మీద, "బొమ్మలు అంత బాగోవు. అయినా ముసలాయన కుక్కని పిలిచే తీరు కోసం కొనండి." జనం అరల ముందు నిలబడి కార్డులు చదువుకొని నవ్వుడు, పుస్తకం చేతుల పట్టుకుని గల్లా దిక్కు పోవుడు. నేను బోర్డు మీద రాసినయి ఎవరన్న చదువుతున్నరా లేదా అని గది లోపల నుంచి తొంగి చూసేటోన్ని. చదివేటోళ్లు, గని నవ్వకపోయేటోళ్లు.

ఒక శనివారం మిర్యాలగూడ పెద్దమనిషి వచ్చిండు. బోర్డు దాటుకొని సక్కగ లోపలికి వచ్చి, "కోదాడ మేడం ఈ వారం ఏం రాసింది?" అని అడిగిండు, నన్నే. నేను అర చూపించిన. ఆయన కార్డుకు ఫొటో తీసుకున్నడు. నాకు చెవులు వేడెక్కినయి. గంత పెద్దమనిషి మీద కోపం తెచ్చుకునుడేందని నాకే అనిపించింది, అయినా తెచ్చుకున్న.

దాని మీద సేటు ఒక మాటన్నడు. "అన్నా, బోర్డు సగం నీ లిస్టుకు ఉంచి, సగంల ఆమె రాసిన నాలుగు మాటలు వేస్తె మంచిగుంటది గద."

"జాగ సాలదు సేటు" అన్న. జాగ ఉన్నది. గా రోజు నుంచి అక్షరాలు పెద్దగ రాసుడు మొదలు పెట్టిన, బోర్డు నిండాలని.

ఇంటికాడ నా ముఖం చూసి నా భార్య అడిగింది, "ఏమయింది నీకు, నెల నుంచి ఉలుకు పలుకు లేకుంట ఉన్నవ్?" చెప్పిన. ఆమె అంత విని, "గా సేటు నీకు దుకాణం ఏమన్న రాసిచ్చిండా? గంతగనం ఆగమైతున్నవ్" అన్నది. నిజమే. రాసియ్యలే. రాసిచ్చి గుంజుకున్నా గింత బాధ ఉండకపోవునేమో.

ఓడపిల్ల కథ రెండో భాగం నడుమల వచ్చింది, చలికాలంల మూడో భాగం వచ్చింది. అందరికంటె ఎక్కువ ఎదురుచూసింది కోదాడ మేడమే. గా శనివారం సేటు చుట్టాల పెండ్లికి పోతూ నాకు తాళాలిచ్చి పోయిండు. డబ్బా నేనే తెరిచిన. మూడో భాగం ఒకటే కాపీ. పైన చీటీ మీద సేటు ఆర్డర్ చేసినట్టే ఉన్నది, ఒకటి. ఎవరికోసమో నాకు తెలుసు.

నేను ఎక్కువ ఆలోచించి చేసింది కాదు. ఆలోచిస్తే చెయ్యకపోదును. గా పుస్తకం తీసి, కింద అర వెనక పాత వారపత్రికల కట్ట ఉంటది, దాని వెనకకు నూకిన. సేటు లిస్టుల దాని ఎదురుంగ టిక్కు పెట్టలే. బోర్డు మీద రాయలే.

మూడింటికి ఆమె వచ్చింది. చెప్పులు విడవక ముందే అడిగింది, "వచ్చిందాండీ?"

"రాలే మేడం. వచ్చే వారం చూద్దాం."

"అయ్యో. సరేలెండి, రాకేం చేస్తుంది" అన్నది. ఇంకో పుస్తకం తీసుకుని కిటికీ కాడ స్టూలు మీద కూసొని చదువుకున్నది. పోయేటప్పుడు కోదాడ బస్సు ఎన్నిటికని అడిగితే చెప్పిన. గా టైం మాత్రం నిజమే చెప్పిన.

మరుసటి వారం గూడ రాలేదన్న. ఇగ సేటు ఊకోలే. సోమవారం, నా డ్యూటీకి ముందు, పంపినోళ్లకు ఫోన్ చేసిండు. వాళ్లు పంపినమన్నరు. ఈయన రాలేదన్నడు. మాటమాట పెరిగింది. ఫోన్ పెట్టేసి సేటు నాతోటి అన్నడు, "గాడ ప్యాకింగ్ కాడ ఒక కొత్తామె ఉన్నదట అన్నా. ఆమెనే మరిచిపోయిందో, తీసుకున్నదో అని వాళ్ల అనుమానం. ఇంకోసారి గిట్లయితె పని మాన్పిస్తమంటున్నరు."

నేను బండి స్టార్ట్ చేసుకొని బస్టాండ్‌కు పోయిన. గా రోజు మైకుల మిర్యాలగూడ బస్సును కోదాడ బస్సన్న. జనం లేచి ఉరికిండ్రు, మళ్ల సవరించి చెప్పిన. ముఖం తెల్వని ఒక ఆడమనిషి, హైదరాబాద్‌ల ఏదో గోదాముల డబ్బాలకు టేపులు అతికించుకుంట ఉంటది. ఆమెను నేను ఏమన్న అనలే, ఆమెకు నామీద ఏ పగ లేదు. ఆమె మెడకు తగిలింది నేను విసిరిన రాయి.

అప్పుడన్న నిజం చెప్పాలనుకోలే. ఉపాయం ఆలోచించిన. వచ్చే శనివారం అందరి ముందట కింద అర సదురుతున్నట్టు చేసి, "అరె, గీడనే పడ్డది సేటు" అందామని. గట్లనే చేసిన. మోకాళ్ల మీద కూసొని కట్ట జరిపి, పుస్తకం తీసి దుమ్ము దులిపిన. సేటు పరుగున వచ్చిండు. మేడం స్టూలు మీద నుంచి లేచింది.

"చూశారా, మీకే దొరికింది" అన్నది ఆమె, ముఖమంత నవ్వుతోటి. "మీ చెయ్యి మంచిదండీ."

గా మాట విన్నంక నా నాటకం ముందుకు సాగలే. పుస్తకం ఆమెకిచ్చి, లేవకుంట గట్లనే నేల మీద కూసొని చెప్పిన. "పడలే మేడం. నేనే దాచిన. సేటు, గా ప్యాకింగ్ ఆమె తప్పు లేదు. నేనే."

సేటుకు మొదట అర్థం కాలే. ఇంకోసారి చెప్పిన. గోదాముల హమాలీలు బస్తాలు వేస్తున్న చప్పుడు వినపడుతున్నది. 

మేడం అడిగింది. "నేను రాసేవి మీకు నచ్చలేదా? చెబితే మానేసేదాన్ని కదండీ."

"నచ్చినయి మేడం" అన్న. "గదే బాధ."

ఆమె పుస్తకం సంచిల పెట్టుకొని, పైసలు గల్లా మీద పెట్టి, నన్ను దాటుకొని చెప్పులేసుకొని పోయింది. సేటు తిట్టలే గూడ. అప్పటికప్పుడే హైదరాబాద్‌కు ఫోన్ కలిపి, తప్పు మా దిక్కుదేనని చెప్పి, గా ప్యాకింగ్ ఆమెను లైన్లకు పిలిపించి, ఫోన్ నా చేతుల పెట్టిండు. "అక్కా, నాది తప్పయింది" అన్న. ఆమె, "ఇంతేనా? నేను ఇంకెన్ని డబ్బాలు తప్పు వేసిన్నో అని వారం నుంచి అన్నం తినలే" అన్నది. గంతే అని పెట్టేసింది.

ఆ తర్వాత డబ్బా దించుకునేది నేనే గని, తెరిచేది సేటు. నేను తీసుకుపోయి గల్లా పక్కన పెట్టి బయట నిలబడుత. పేర్లు సేటు చదువుతుంటె బోర్డు మీద రాస్త. బోర్డు మాత్రం ఆయన నా దగ్గర నుంచి గుంజుకోలే. ఎందుకని నేను అడగలే.

మేడం అయిదు వారాలు రాలే. అరల మీద ఆమె పాత కార్డులు గట్లనే ఉన్నయి. జనం అడిగితే డ్యూటీలున్నయేమో అని సేటు చెప్పేటోడు. నేను మాత్రం ఎవరూ లేనప్పుడు గా కార్డులన్నీ ఒక్కొక్కటి చదివిన, మొదటిసారి కోపం లేకుంట. కోపం లేకుంట అంటె పూరా అబద్ధం, తక్కువ కోపంతోటి. ఒక కార్డు చదివి గా పుస్తకం కొనుక్కున్న గూడ. పర్వతాల నడుమ తపాలా మోసే ఒకాయన కథ. కార్డు మీద, "ఈయన ఉత్తరాలు చదవడు. కానీ ఒక్కటి చదువుతాడు. ఆ తర్వాత ఆయన నడక మారిపోతుంది, బొమ్మల్లో చూడండి" అని ఉన్నది. నిజంగనే నడక మారింది. భుజాలు ముందుకు వంగినయి, అడుగుల నడుమ దూరం తగ్గింది. గా పుస్తకం అయిపోయేదాక నేను లేవలే.

ఆరో వారం ఆమె వచ్చింది. సేటును పలకరించింది, నాకు తల ఊపింది. నేను బోర్డు కాడ నుంచి లోపలికి వచ్చి నిలబడ్డ. క్షమించమని మళ్ల అడుగుదామనుకున్న. నోటికి ఇంకో మాట వచ్చింది.

"మేడం, గా తపాలా ఆయన పుస్తకం కొన్న. మీ కార్డు చూసే. ఆఖరుకు ఆయన గా ఉత్తరం పట్టుకొని..."

"చెప్పకండి, చెప్పకండి" అని చెయ్యి అడ్డం పెట్టింది. "నేనింకా పూర్తి చేయలేదు."

"కార్డు రాసిండ్రు గదా?"

"సగం చదివే రాస్తానండీ" అన్నది, జర సిగ్గుపడుతూ. "ఎప్పుడూ అంతే. మొత్తం చదివేస్తే ఇంక నాకేం రాయాలో తోచదు."

 ఇన్ని నెలలు, ఆమె ప్రతి పుస్తకం రెండు మూడు సార్లు చదువుతదేమో, నాకు చేతకాని ఓపిక ఆమెకున్నదేమో అని కుళ్లుకున్న. సగం చదివి గంత మంచిగ రాస్తదని తెలిసినంక కుళ్లు తగ్గలే. ఇంకింత ఎక్కువైంది. గని ఈసారి నవ్వు గూడ వచ్చింది. సేటు గల్లా వెనక నుంచి, "అన్నా, సుద్ద గడప మీద పెట్టినవ్, తొక్కితె విరుగుతది" అన్నడు. బయటికి పోయి ఆ వారం పేర్లు రాసిన. ఈసారి అక్షరాలు పెద్దగ రాయలే, కింద కొంచెం జాగ మిగిలింది, గట్లనే ఉంచిన.