దసరా నాడు ఆపిన ఫంక్షన్

1996. శంషాబాద్ దాటి వెళితే కొత్తూరులో బోరుబావుల మోటార్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఉండేది. ప్రతి మోటారుకీ నంబరుతో గ్యారంటీ స్టిక్కరు అంటించాలి. ఆ నంబర్లిచ్చే ప్రోగ్రాం రాసింది నేను. నన్ను అక్కడికి తీసుకువెళ్ళింది మేనేజరు ప్రసాదరావు గారు. ఆయనదీ మా తెనాలి వైపే.

ప్రోగ్రాంలో ఒక్కో పని చేసిపెట్టే ముక్కని ఫంక్షన్ అంటారు. మామూలు ఫంక్షన్ అడిగిన లెక్క చేసి, జవాబిచ్చి, అంతా మరిచిపోతుంది. నాది అలా కాదు. ఒకసారి మొదలుపెడితే నడుస్తూనే ఉంటుంది. మీట నొక్కితే ఒక నంబరిచ్చి అక్కడే ఆగుతుంది, మళ్ళీ నొక్కితే తర్వాతిది ఇస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మెమరీలోనే ఉంటుంది; కంప్యూటర్ ఆపితే చెరిగిపోతుంది. నెల మొదట్లో నేనే వెళ్ళి ఒకటి నుంచి మొదలుపెట్టేవాణ్ని; నంబరు ముందు ఆ నెల గుర్తు దానంతటదే పడుతుంది. కరెంటు పోయినా యూపీఎస్ ఉంది, జనరేటరు ఉంది. ఆ ధీమాతో నంబరును డిస్కులో రాయించలేదు. ఎంత ముచ్చటగా రాశానో అని తెగ మురిసిపోయాను కూడా.

కంప్యూటర్ మీద స్టిక్కర్లు ప్రింటు తీసే పని అంజయ్యది. శంషాబాద్ పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటి మనిషి. "కంప్యూటర్ ఆపొద్దు" అని అతనికి చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

దసరాకి ఫ్యాక్టరీలో ఆయుధపూజ చేశారు. మిషన్లన్నీ ఆపి బొట్లు పెట్టారు. అంజయ్య కంప్యూటర్ కూడా ఆపి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాడు. పండుగ మర్నాడు ఆన్ చేశాడు. ప్రోగ్రాం ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఒకటి నుంచి నంబర్లివ్వడం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకి డీలర్ల దగ్గర ఒకే నంబరుతో రెండేసి మోటార్లు తేలాయి. అంజయ్య దొంగ స్టిక్కర్లు తీసి బయట అమ్ముకుంటున్నాడని పనిలోంచి తీసేశారు.

కబురు తెలిసి పరుగెత్తుకెళ్ళాను. ప్రసాదరావు గారి ఎదుటే కంప్యూటర్ ఆపి, ఆన్ చేసి, స్టిక్కరు తీశాను. ఒకటో నంబరు వచ్చింది.

"తప్పు నాదండీ. అంజయ్యది కాదు."

ఆయన ఆ స్టిక్కరు నలిపి జేబులో వేసుకున్నారు. "ఊరుకోండి మూర్తి గారూ. మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది నేను. నా పరువేం కావాలి?"

ఓనరు దగ్గరికి వెళ్ళాను. అప్పటికే ప్రసాదరావు గారు ఆయన చెవిన ఏదో వేశారు. నేను చెప్పిందంతా చిరునవ్వుతో విని, "జాలిపడి వాడి తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారట. మీలాంటి మంచివాళ్ళు ఎక్కడుంటారండీ!" అన్నారు.

"రండి సార్, ఆపి చూపిస్తాను."

"కంప్యూటర్ మీరు ఎలా ఆడిస్తే అలా ఆడుతుంది కదా" అని నవ్వి, టీ తెప్పించారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ టీ అక్కడే వదిలేసి లేచాను.

కనీసం అంజయ్యకైనా చెప్పాలని వాళ్ళింటికి వెళ్ళాను. చూడగానే చేతులు జోడించాడు. "నా కోసం అబద్ధమాడినవంట గద సార్!"

"అబద్ధం కాదు అంజయ్యా. నిజంగానే నాదే తప్పు."

అతని భార్య గడపలో నిలబడి వింటోంది. "సదువుకున్న సారు తప్పెందుకు చేస్తడు?" అని మొగుడి వైపు తిరిగింది. "సారు నీ కోసం గింత పరేషాన్ అయితుండు. ఇగనన్న నిజం చెప్పు, ఏం చేసినవ్?"

అంజయ్య తల దించుకున్నాడు. "బంద్ చేసిన, గంతే. పండుగ పూట అన్నిటికీ ఆరాం ఇచ్చి దానికొక్కదానికి ఇయ్యకుంటే ఎట్ల అనుకున్న."

ఆమెకి మళ్ళీ మొదటినుంచి చెప్పాను. నేను చెప్పేకొద్దీ నా మీద గౌరవం పెరిగింది, అతని మీద అనుమానం పెరిగింది. ఇక ఆపేసి లేచి వచ్చేశాను. అంజయ్యకి ఆ పని మళ్ళీ ఇవ్వలేదు. మంచివాడినని చెప్పి ఆ ఓనరు నన్ను మరో ఫ్యాక్టరీకి సిఫారసు చేశారు. అక్కడికి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు.

నంబరును డిస్కులో రాయించడం పెద్ద విద్యేం కాదు, ఆ వారమే రాయించాను. "ఆపొద్దు" అన్న మాట మాత్రం మళ్ళీ ఎవరితోనూ అనలేదు. ప్రోగ్రాం ఎవరికిచ్చినా ముందు ఓనరునీ, దాన్ని నడిపే మనిషినీ పక్కపక్కన నిలబెడతాను. నడుస్తుండగానే స్విచ్ ఆపేస్తాను. మళ్ళీ ఆన్ చేసి, తర్వాతి నంబరు వచ్చేదాకా ఇద్దర్నీ కదలనివ్వను. ఏదైనా తేడా వస్తే అప్పుడే, ఇద్దరి ముందూ రావాలి. తర్వాత నేను వెళ్ళి నిజం చెప్పినా, అది నా మంచితనం కింద జమైపోతుంది.