డాక్టరమ్మకి చెప్పని మాత్ర

నా బరువు యాభై రెండు కిలోలు. సినిమాల్లో హీరో తుమ్మితే ఎగిరిపడే వేషానికి నన్నే పిలుస్తారు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నాకొచ్చిన విద్య అదొక్కటే. ఇంత బక్కప్రాణి ఆరేళ్లపాటు ఒక అబద్ధాన్ని మోశాడంటే మీరు నమ్మరు. నమ్మకపోయినా వినండి.

సాయిలు, నేనూ కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లం. వాడు గ్రూప్ డాన్సర్. ఏళ్ల తరబడి వెనక వరసలో ఆడి ఆడి, ఒక పాటకి మొదటిసారి ముందు వరసలోకి వచ్చాడు. ఆ పొద్దున భయంతో వాడికి కాళ్లు కదల్లేదు. నా దగ్గర ఒక మాత్ర ఉంది. వేసుకుంటే భయం పోయి హుషారొస్తుందని ఏదో పార్టీలో ఒకడిచ్చాడు. ఎక్కడో లాబ్‌లో కొత్తగా పుట్టించిన సరుకు. సరైన పేరు కూడా లేదు, రెండు అక్షరాలు, నాలుగు అంకెలు. నిషేధించిన మందుల జాబితాలోకి ఇంకా ఎక్కలేదని ఇచ్చినవాడన్నాడు. దానికి నేనింత మసాలా కలిపాను.

"పోలీసులకే దీని పేరు తెలీదురా, నీకెందుకు భయం? వేసుకో."

పోలీసులకి తెలియనిది డాక్టర్లకి మాత్రం ఏం తెలుస్తుంది? ఈ ప్రశ్న ఆ రోజు నాకెందుకు తట్టలేదు?

ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్. మాత్ర వేసుకుని ఆడాడు, రెండో టేక్‌లో పడిపోయాడు. మా దగ్గర ఎవరు పడిపోయినా ఎండదెబ్బే అంటారు, మొహాన నీళ్లు కొడతారు, ఆ జాగాలో ఇంకొకణ్ణి నిలబెడతారు. వీడికి ఒళ్లు కాలిపోతోంది, తెలివి లేదు. ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"ఏమైనా తీసుకున్నాడా? నిజం చెప్పండి, దాన్నిబట్టే వైద్యం చెయ్యాలి."

"తీసుకోడమా మేడమ్? ముందు వరసలో పొట్ట కనపడుతుందని టిఫినే మానేశాడు."

ఆవిడ నవ్వింది. ఎండదెబ్బ అని రాసుకుని సెలైన్ పెట్టింది. నా జోకు ఏదీ అంత బాగా పేలలేదు. గంట తర్వాత వాడికి ఫిట్స్ వచ్చాయి.

బతికాడు. కుడిచెయ్యి వణుకు మాత్రం పోలేదు. డాన్సు పోయింది. ఇప్పుడు డాన్సర్ల బట్టలు ఇస్త్రీ చేస్తాడు, ఎడమచేత్తో.

చెప్పుంటే బాగయ్యేవాడా? తెలీదు. ఆ మందు మీద ఎవరూ పెద్దగా పరిశోధన చెయ్యలేదట. కానీ ఆవిడ ఎవర్నైనా అడిగేది, ఎక్కడైనా వెతికేది. ఆ దారి కూడా నేనే మూసేశాను. ఎందుకు? పోలీసులొస్తారని, నా యూనియన్ కార్డు పోతే ఇక వేషాలు రావని. పోలీసులంటే భయమెందుకని వాడికి చెప్పిన నోరే ఇది.

తర్వాత ఆ మందు జాబితాలోకి ఎక్కింది. ఒక లాయర్‌ని ఎవరి గురించో అడిగినట్టు అడిగాను. "ఎక్కకముందు సంగతి కదా, వాదించుకోవచ్చు" అన్నాడు. ఆ మాటని తాయెత్తులా కట్టుకుని తిరిగాను.

పోయిన వారం సాయిలుకి చెప్పేశాను. మాత్ర సంగతి వాడికి తెలుసు. డాక్టరమ్మకి నేను చెప్పే ఉంటానని ఇన్నాళ్లూ అనుకున్నాడు. చెప్పలేదన్నాను. లాయర్ మాట కూడా చెప్పాను. క్షమించమని అడగలేదు.

వాడు ఇస్త్రీపెట్టె నిలబెట్టి నా మొహంలోకి చూశాడు.

"చట్టం సంగతి పక్కకు పెట్టురా. డాక్టరమ్మ అడిగితే చెప్పొద్దని ఏ చట్టంల ఉన్నది?"