రెండు పిలుపులు

గోనెగండ్ల రేణుక మందు చల్లే డ్రోన్‌ని కొమ్ములు విసిరే కోడెను చూసినట్టు చూస్తుంది. ఎగరేసే ముందు ఒక్కో రెక్కనూ వేలితో తిప్పి చూస్తుంది. పిడికెడు దుమ్ము వదిలి గాలి ఎటు వీస్తోందో కనుక్కుంటుంది. చేని నాలుగు మూలలా ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతిస్తుంది. చివరగా హెల్మెట్ సర్దుకుని, "లోపల ఎవరన్నా ఉండారా?" అని రెండుసార్లు గట్టిగా అరుస్తుంది. మిగతావన్నీ శిక్షణలో నేర్పినవి. ఆ అరుపు మాత్రం ఆమె సొంతం.

ఆ మధ్యాహ్నం ఆస్పరి దగ్గర మనిషెత్తు కందిచేను. రెండు పిలుపులకూ జవాబు రాలేదు. "ఎవరూ లేరు, లేపుమ్మా," అన్నాడు రైతు లింగప్ప. డ్రోన్ లేచి సాళ్ల మీదికి పోయింది. మందు వదలబోతూ రిమోట్ తెరలోకి చూసిన రేణుకకు కందిపూల మధ్య ఒక నెరిసిన తల కనిపించింది. వెంటనే డ్రోన్‌ని వెనక్కి తిప్పి దించింది. బర్రెకు గడ్డి కోసుకోవడానికి చేన్లో దూరిన ఉరుకుందమ్మ మోపుతో బయటికొచ్చింది.

"పిలిస్తే పలకవేమవ్వా, ఇనపడలేదా?" రేణుక హెల్మెట్ తీస్తూ అడిగింది.

"ఇనపడింది లేమ్మా. కనపడని మనిషి పిలిస్తే మూడోతూరికి గానీ పలకగూడదు. దయ్యమైతే రెండుతూర్లే పిలుస్తాది. మూడోదానికే కాసుకోనుంటి."

రేణుక గట్టు మీద కూలబడింది. అవ్వను ఏమని తిట్టాలి? ఆ పొద్దున తెల్లారకముందు మసకచీకట్లో లింగప్ప వచ్చి రేణుక వాళ్ల వాకిట్లో నిలబడి పిలిచినప్పుడు, తానూ మూడో పిలుపుకే పలికింది.