అంతరిక్షానికి వెళ్లిన అత్తగారు

ఆ రోజుల్లో టీవీలో ఒక ఎపిసోడ్ తప్పిపోతే ఇక జన్మలో చూడనట్టే. మళ్లీ వేసేవారు కాదు, వేసినా ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలిసేది కాదు. అప్పటి వాదనలకు అంత బలం ఉండేది అందుకే. సాక్ష్యం గాలిలో కలిసిపోయాక మిగిలేది గొంతే కదా, ఎవరి గొంతు పెద్దదైతే కథ వాళ్లు చెప్పినట్టే జరిగినట్టు. ఇప్పటి పిల్లలు ఏ ఎపిసోడ్ గొప్పదని కొట్లాడుకున్నా మధ్యలో ఒకరు ఆ ముక్క తెరిచి చూపించి మిగతావాళ్ల నోరు మూయిస్తారు. న్యాయంగానే ఉంటుంది, కాకపోతే కొట్లాట పది నిమిషాల్లో అయిపోతుంది. నేను లెక్కల టీచరుగా రిటైరైన మనిషిని, రుజువు లేని మాట నమ్మే అలవాటు లేదు. కానీ ఒక్క ఈ విషయంలో రుజువు లేని కాలమే నయమని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

హసన్‌పర్తి హైస్కూల్లో నాకు అప్పుడే ఉద్యోగం వచ్చింది. ఉండడం హనుమకొండలో, ఉద్యోగాలు చేసే ఆడపిల్లల హాస్టల్లో. అక్కడి హాల్లో ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ, దానికి చెక్క తలుపుల పెట్టె, తలుపులకు తాళం, తాళంచెవి వార్డెనమ్మ కొంగు ముడిలో. ఆదివారం పొద్దున మాత్రం ఆమె అడగకుండానే తాళం తీసేది. ఆ సమయానికి ఢిల్లీ నుంచి హిందీలో ఒక సైన్స్ సీరియల్ వచ్చేది. ఒక వ్యోమనౌక, దానికో మీసాల కెప్టెన్, అట్టపెట్టెలకు వెండి రంగు పూసి చేసిన ఒక మరమనిషి, వారానికో గ్రహం. (గ్రహాలన్నీ ఒకే ఇసుకదిబ్బ మీద తీశారని, మొదట్లో కనిపించిన తుమ్మచెట్టే మరో నాలుగు గ్రహాల మీదా కనిపించిందని నేను బయటపెట్టాను. ఆ పూట హాల్లో ఎవరూ నాతో మాట్లాడలేదు.) తలస్నానాలు చేసి, తడి జుట్లు విరబోసుకుని, ఉప్మా పళ్లేలు ఒళ్లో పెట్టుకుని అందరం నేల మీద కూర్చునేవాళ్లం. ఎపిసోడ్ అయిపోగానే నేను నూటికి మార్కులు వేసేదాన్ని. గురుత్వాకర్షణ తప్పయితే ఐదు కోత, వేగం తప్పయితే పది కోత. నా పేరు అందరూ మరిచిపోయి ‘మార్కుల మేడం’ అనడం అప్పుడే మొదలైంది.

చిక్కల్లా హిందీతోనే. అందరం బడిలో హిందీ చదివినవాళ్లమే, పాసు మార్కులు వచ్చేంత మేరకు. కెప్టెన్ మాట్లాడే మాటలు ఆ మార్కులకు అవతల ఉండేవి. మొదటి రెండు మూడు వారాలు బొమ్మలు చూసి ఎవరికి తోచిన కథ వాళ్లం చెప్పుకున్నాం. అంతలో హాస్టల్‌కు కొత్తగా ఒకామె వచ్చింది. పెద్ద దవాఖానలో నర్సు, ధర్మసాగర్ అవతల ఏదో ఊరు, ముస్లిం కుటుంబం. వచ్చిన వారం రోజులూ ఒక్కతే తిని, ఒక్కతే గదిలోకి వెళ్లిపోయేది. ఆదివారం హాలు గుమ్మం దగ్గర నిలబడి తొంగిచూస్తుంటే మా ‘ట్రంకాల్’ ఆమెను పట్టుకుంది. (ట్రంకాల్ అంటే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే మా గది పిల్ల. హైదరాబాదుకు లైను కలపాలంటే ఆమెకు లైను అక్కర్లేదని, కిటికీ తెరిస్తే చాలని చెప్పుకునేవాళ్లం.)

“ఆపా! గాడ నిలవడ్డవేంది? ఇటు రా,” అని ట్రంకాల్, వార్డెనమ్మ కూర్చునే పేము కుర్చీని లాక్కొచ్చి టీవీ పక్కన వేసింది. “కూసో. గా మీసాలోడు ఏమంటాండో జర మాకు చెప్పు.”

ఆమె కుర్చీని చూసింది, మమ్మల్ని చూసింది, టీవీని చూసింది. తర్వాత కూర్చుని, పవిట సర్దుకుని, “ఏమంటాండంటే...” అని మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి ఆమె మా అందరికీ ‘ఆపా’, అంటే ఉర్దూలో అక్క. సీరియల్ దశ కూడా తిరిగింది. అంతవరకు రాళ్లూ పొగా తప్ప ఏమీ లేని గ్రహాల మీద ఇప్పుడు మనుషులకు కష్టాలు మొదలయ్యాయి. మరమనిషికి చలిజ్వరం వచ్చింది. పైలట్‌కు కడుపులో మంట, మూడు రోజులు పథ్యం ఉండమన్నారు. ఒక గ్రహం వాళ్లకైతే అందరికీ రక్తం తక్కువ, ఆకుకూరలు తినమని కెప్టెన్ బుద్ధి చెప్పి వచ్చాడు. ఈ కథలు రాసేవాడెవడో డాక్టరై ఉంటాడని నేను చాలా తెలివిగా ఊహించి అందరికీ చెప్పాను కూడా.

ఇక అత్తగారి ఎపిసోడ్. ఒక తలనెరిసిన పెద్దావిడ కెప్టెన్ ఎదురుగా నిలబడి, వేలు చూపిస్తూ చాలాసేపు మాట్లాడుతుంది. కెప్టెన్ తలవంచుకుని వింటాడు. చివరకు ఆమె ఒక గుండ్రటి పాత్ర అతని చేతిలో పెడుతుంది. అతను దాన్ని రెండు చేతులతో భద్రంగా పట్టుకుని వెళతాడు. ఆపా చెప్పింది: “ఈమె వాళ్ల అత్త. ‘నా బిడ్డను ఆడ ఇడిసిపెట్టి నువ్వు సుక్కలల్ల తిరుగుతానవా’ అంటాంది. ‘సరే, పోతె పోతివి, గా మామిడికాయ తొక్కు పట్కపో. బక్కగైనవ్’ అంటాంది.” ట్రంకాల్ బొటబొటా ఏడ్చేసింది. ఆమె వెనకాల సగం హాలు ఏడ్చింది. నేను నలభై మార్కులు కోసేశాను.

సీరియల్ ముగింపుకు వస్తుండగా ఢిల్లీ వాళ్లు ఒక ప్రకటన వేశారు. అన్ని ఎపిసోడ్లలో ఏది గొప్పది, ఏది చెత్తది, ఎందుకో రాసి పంపండి, మంచి ఉత్తరాలు టీవీలో చదువుతాం అని. (ఈ ప్రకటన తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో వచ్చింది కాబట్టి మేమే చదువుకున్నాం.) హాస్టల్ తరఫున ఒకటే ఉత్తరం పంపాలని, రాయవలసింది నేనేనని తీర్మానమైంది. ఏం రాయాలన్న దగ్గర ఇల్లు పీకి పందిరేశారు.

“అత్తగారి ఎపిసోడే ఫస్టు. ఇంకో మాట లేదు,” అంది ట్రంకాల్.

“అదే అన్నిట్ల లాస్టు,” అన్నాను నేను. “గాలి అయిపోతాందని కెప్టెన్ బోర్డు మీద లెక్క చేసింది ఫస్టు. లెక్క సరిగ్గ వచ్చింది, నేను చూసిన.”

“లెక్క చూడనీకి ఆదివారం ఎందుకు మేడం? సోమవారం మీ బడికే వస్తం గద!”

“బరువు లేని కాడ జాడీల నూనె ఉంటదా? గోళీలు గోళీలుగ తేలి మొఖాలకు అంటుకుంటది. ఒక్కడన్న తుడ్సుకున్నడా?”

“మూత గట్టిగ పెట్టిందేమో! అత్తలు పెట్టరా?”

నాలుగు రాత్రుల భోజనాలు ఈ మూత మీదే గడిచాయి. పప్పు చల్లారిపోయేది. ఈ గొడవ జరుగుతున్నంతసేపూ ఆపా పళ్లెంలోంచి తల ఎత్తేది కాదు. ఎవరైనా “నువ్వు చెప్పు ఆపా, మూత ఉండెనా?” అని అడిగితే, “ఉన్నట్టే ఉండె... జర ఉప్పు అందియ్యుండ్రి,” అనేది. చివరకు హాస్టల్ రెండుగా చీలిపోయింది కాబట్టి అత్తగారి ఎపిసోడే గొప్పదని సగం మంది, అదే చెత్తదని సగం మంది అంటున్నారని ఇంగ్లిష్‌లో రాశాను. గొప్పది ఎందుకో ఒక వాక్యం. చెత్తది ఎందుకో, నూనె తేలే తీరుతో సహా, రెండు పేజీలు.

ఆ ఉత్తరం టీవీలో చదువుతారా లేదా అన్నది నాకు ప్రాణం మీదికి వచ్చింది. ఎందుకంటే పంపిన మర్నాడే నేను హెడ్మాస్టరుకు చెప్పాను, స్టాఫ్‌రూములో చెప్పాను, తొమ్మిదో తరగతికి గురుత్వాకర్షణ పాఠం మధ్యలో చెప్పాను. దేశం మొత్తం వినేలా ఒక లెక్కల టీచరు సైన్సు తప్పులు ఎత్తి చూపబోతోంది, అందరూ చూడండి అని.

చదివారు! ఆదివారం సీరియల్ అవగానే ఒకాయన, ఒకావిడ బల్ల ముందు కూర్చుని మా కాగితం పట్టుకున్నారు. ‘వరంగల్’ అన్న మాట వినబడగానే హాలు ఎగిరిపడింది. వాళ్లు చదువుతూ నవ్వారు, ఒకరి ముఖం ఒకరు చూసుకుని మళ్లీ నవ్వారు, ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను కుర్చీ వైపు తిరిగి, “ఏమంటాండ్రు ఆపా?” అన్నాను. ఆపా గొంతు సన్నగా వచ్చింది. “మంచిగ... మంచిగ రాసిండ్రు అంటాండ్రు. మస్తు ఖుషీ అయిండ్రట.” వార్డెనమ్మ అప్పటికప్పుడు అందరికీ చక్కెర వేసిన పాలు ఇప్పించింది.

మర్నాడు ఇస్త్రీ చీర కట్టుకుని స్కూలుకు వెళ్లాను. స్టాఫ్‌రూములోకి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. మా హిందీ సారు మంచివాడు. నన్ను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు: “మేడం, ఏమనుకోవద్దు. మీరు చూసేది ఏ సీరియల్?”

“అదే సార్. మీసాల కెప్టెన్...”

“అండ్ల అత్తగారు లేదు మేడం. ఆమె భూమి మీదుండే పెద్ద సైంటిస్టు. ఆమె ఇచ్చింది ఇంధనం. ‘వరంగల్ ఆడపిల్లలు చూసిన అత్తగారిని మేము ఎంత వెతికినా దొరకలే, దొరికితె మా కథ ఇంకా మంచిగుండేది’ అన్నరు వాళ్లు.” ఆగి, తనకే బాధగా ఉన్నట్టు అన్నాడు. “ఇంధనంల నూనె ఎట్ల తేల్తదో మీ రెండు పేజీలూ సదివిండ్రు.”

ఆ రోజు తొమ్మిదో తరగతికి వెళ్లేసరికి బ్లాక్‌బోర్డు మీద ఎవరో జాడీ బొమ్మ గీసి ఉంచారు. చాలా బాగా గీశారు. మూత కూడా పెట్టారు.

సాయంత్రం బస్సు దిగి తిన్నగా ఆపా గదికి వెళ్లాను. ట్రంకాల్ కూడా వెనకే వచ్చింది.

“నీకు హిందీ రాదా?”

“రాదు,” అంది ఆపా. అబద్ధమాడే ప్రయత్నమే చేయలేదు.

“ఉర్దూ?”

“దవాఖానల ‘దర్ద్ కహా హై’, నొప్పి ఏడున్నది అని అడిగే దాక వస్తది. వాళ్లు జవాబు చెప్పవడితె ఆయమ్మను పిలుస్త.”

“మరి ఎందుకు చెప్పలే?”

“మీరు అడిగిండ్రా? కుర్చీ ఏసిండ్రు,” అంది. “మా ఇంట్ల తెలుగే మేడం. మా నాయినమ్మ నమాజు చేసి లేసి మా తాతను తెలుగులనే తిడ్తది. మా తమ్ముడు గూడ నన్ను అక్కా అనే పిలుస్తడు. ఆపా అన్న పేరు మీరు పెట్టిందే.” చేతిలోని దువ్వెన కాసేపు తిప్పి మళ్లీ అంది. “మొదటి దినమే చెప్దామనుకున్న. కానీ వారం దినాల సంది నాతోని ఎవ్వలు మాట్లాడలే. కుర్చీల కూసోంగనే అందరు నా మొఖమే చూడవడ్తిరి. దిగ బుద్ధి కాలే.”

“అయినా అత్త ఏంది?” అన్నాను.

“మరేంది? ఆమె తిడ్తాంది, ఆయన మీసాలు పెట్టుకొని తలకాయ వంచి ఇంటాండు. అత్త గాకపోతె ఇంకెవలు?”

లెక్క ప్రకారం చూస్తే ఈ తర్కంలో నాకు ఏ తప్పూ కనబడలేదు. అది ఒప్పుకునే వయసు కాదు కాబట్టి విసురుగా వచ్చేశాను. ఆ వారమంతా ఆపా మేము తినే వేళకు భోజనానికి రాలేదు. హాస్టల్ వదిలి బయట వేరే గది చూసుకుంటోందని తెలిసింది.

తర్వాతి ఆదివారం ఆఖరి ఎపిసోడ్. ఈసారి ఉన్నది ఉన్నట్టుగా చెబుతానని నేను పేము కుర్చీ ఎక్కాను. వారమంతా హిందీ సారు దగ్గర కూర్చుని మాటలు నేర్చుకున్నాను, ఒళ్లో ఆయన నిఘంటువు కూడా ఉంది. “కెప్టెన్ అంటాండు, ఇంధనం తక్కువున్నది,” అన్నాను. “రెండో ఆయన అంటాండు, అవును, తక్కువున్నది. కెప్టెన్ అంటాండు, అయితే కక్ష్య మార్చాలె. రెండో ఆయన అంటాండు... ఆగుండ్రి, చూసి చెప్త... అవును, మార్చాలె.” ఇద్దరు పళ్లేలు కడుక్కోవడానికి లేచిపోయారు. వార్డెనమ్మ ఆవులించింది. ఒక మూల నుంచి ఎవరో, “వాళ్ల అత్త కనవడ్డదా మేడం?” అన్నారు. “అత్త లేదు, ఆమె సైంటిస్టు,” అన్నాను. హాలు మొత్తం ఎవరో పోయినట్టు నిట్టూర్చింది.

ట్రంకాల్ లేచి మెట్ల దగ్గరికి వెళ్లి, ఊరంతా వినబడేలా అరిచింది. “ఆపా! కిందికి రా! అయిపోవట్టె!”

ఆపా గుమ్మం దగ్గరికి వచ్చింది. “నాకు హిందీ రాదని చెప్పిన గద.”

“రాకుంటె మాయె. వచ్చినామె చెప్తాంటె సస్తానం. నువ్వు చెప్పు.”

అందరూ నా వైపు చూశారు. నేను నిఘంటువు మూసి, కుర్చీలోంచి లేచి, నేల మీద ట్రంకాల్ పక్కన కూర్చున్నాను. తెర మీద ఆ పెద్దావిడ చీకటి గదిలో ఒంటరిగా కూర్చుని, ఆరిపోయిన ఒక చిన్న దీపాన్ని చూస్తోంది. ఆపా వచ్చి కుర్చీలో కూర్చుంది. తర్వాత మెల్లగా అంది. “అల్లుడు ఇగ రాడని ఆమెకు తెల్సిపోయింది. బిడ్డకు ఎట్ల చెప్పాలెనో సమజయితలేదు. అందుకే లేస్తలేదు. లేస్తె చెప్పాలె గద.” తెర మీద ఆమె లేచి కిటికీ దగ్గరికి నడిచింది. “లేసింది. ‘నేనే పోత, ఎతుక్కొస్త’ అంటాంది.”

అంత దూరం వెళ్లేసరికి ఆమెకు ఎన్నేళ్లు వస్తాయో చెప్పడానికి నేను నోరు తెరిచాను. “మేడం!” అని హాలంతా ఒక్కసారి అరిచింది. నోరు మూసుకున్నాను. నా చెంపల మీద తడి తలస్నానానిదేనని తర్వాత అందరికీ చెప్పాను. ఆపా వేరే గదికి వెళ్లలేదు. ఆపా అన్న పిలుపు మానేస్తామంటే కూడా ఒప్పుకోలేదు. “పెట్టిండ్రు గద, ఉండనియ్యుండ్రి,” అంది. ఆ ఆఖరి ఎపిసోడ్‌కు ఎన్ని మార్కులని ట్రంకాల్ అడిగితే రేపు చెబుతానన్నాను. ఇంతవరకు చెప్పలేదు.

ఇప్పుడు నా జుట్టు ఆ అత్తగారి జుట్టు కంటే తెల్లబడింది. మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. అయినా ఏ ఆదివారం పొద్దునో అలాంటి వ్యోమనౌక ఒకటి మా గుమ్మం ముందు ఆగి, రమ్మంటే మాత్రం వెళతాను. ఎంత దూరం, ఎంత వేగం, ఎన్నేళ్లు అని అస్సలు అడగను. అడుగుతాను లెండి, ఎక్కి కూర్చున్నాక అడుగుతాను.